వదిలేస్తే తిరిగిరాని స్టీరింగ్

నా మాటను ఇంతవరకు ఒక్కరూ చెవిన పెట్టలేదు. మేస్త్రి పెట్టలేదు. మా బామ్మర్ది పెట్టలేదు. ఇన్నేళ్లు నాతో కాపురం చేసిన నా భార్య కూడా పెట్టలేదు. నేను చెప్పింది పెద్ద రహస్యమేమీ కాదు. జీపు ఎత్తు పెంచినప్పటి నుంచి స్టీరింగ్ తిప్పి వదిలితే తిరిగి రావడం లేదన్నాను. అంతే. దానికి వాళ్లిచ్చిన జవాబులన్నీ నా వయసు గురించి, నా కళ్ల గురించి, నా చేతుల గురించి. జీపు గురించి ఒక్క జవాబూ రాలేదు. నోటితో చెబితే మధ్యలోనే ఎవరో ఒకరు నవ్వుతున్నారు. కాగితం మీదైతే నవ్వాలన్నా ముందు చదవాలి. అందుకని రాస్తున్నాను.

ఆ జీపు మా నాయనది. ఆయన దగ్గరే నేను బండి నేర్చుకున్నాను. మొదటి రోజు మలుపు తిప్పాక స్టీరింగును మళ్లీ నిటారుకు తేవడానికి రెండు చేతులా లాగుతుంటే, ఆయన నా మణికట్టు మీద ఒకటి వేశాడు. "తిప్పేది మనం. తిరిగొచ్చేది అదే వస్తాది. దాని పని దాన్ని చేసుకోనీ," అన్నాడు. నిజంగానే వచ్చింది. అరచేతులు వదులుగా పెట్టుకుంటే చాలు, పగ్గం వదిలిన ఎద్దు గాడి దగ్గరికి తానే పోయినట్టు, స్టీరింగ్ వేళ్ల మధ్య జారుకుంటూ తన చోటికి తాను వచ్చి నిలిచేది.

తర్వాత ఆ జీపులోనే మా ఊరి ఆడవాళ్లను పొద్దున్నే పనికి తీసుకుపోవడం నా వంతు అయింది. వాన పడిన ఏడు కలుపుకూ చెనిక్కాయ పీకడానికీ, పడని ఏడు దూరంగా బోర్లున్న వాళ్ల చీనీ తోటలకూ, అంటే బత్తాయి తోటలకూ. ఏ పని అయినా నా బండే. తిరిగి వచ్చేటప్పుడు ఊరికి ముందు కంకర మిల్లు దగ్గర ఒక పెద్ద మలుపు ఉంది. అక్కడ బండి తిప్పి, స్టీరింగ్ వదిలి, అది తిరిగి వచ్చేలోపు భుజం మీది తువ్వాలు తీసి మెడకు చుట్టుకోవడం నాకు అలవాటు. మిల్లు దుమ్ము మెడలోకి పోకుండా. వెనక కూర్చున్న వాళ్లకు అదే గుర్తు. "అన్న తువ్వాల సర్దినాడు. లేయండే, ఊరొచ్చింది," అని గుంపు పెద్దామె కునికేవాళ్లను లేపేది. గుంపు పెద్దామె అంటే ఏ చేనికి ఎందరు పోవాలో, ఎవరి బండిలో పోవాలో చూసే మనిషి. ఆమె ఒక మాట అంటే మిగతా ఆడవాళ్లకు అదే ఖరారు. నాకు పోయింది ఆ తువ్వాలు మాటే. తిరిగి ఇప్పించమని నేను అడుగుతున్నదీ ఆ మాటే.

ఇక మా బామ్మర్ది. నా భార్యకు తమ్ముడు. మా ఊళ్లోనే ఉంటాడు, డ్రిప్పు పైపుల వ్యాపారం. నా పెళ్లిలో చెప్పులు దాచింది వీడే. అందరి పెళ్లిళ్లలోనూ దాస్తారు, నిజమే. కానీ ఇచ్చేటప్పుడు రెండూ ఇస్తారు. వీడు ఒకటే ఇచ్చాడు, రెండోది యాడ పెట్టినానో గుర్తు రావడం లేదన్నాడు. నేను ఒంటి చెప్పుతో బస్సెక్కాను. ఈ మాట ఎత్తినప్పుడల్లా నా భార్య "అప్పుడు వానికి పదేండ్లు" అంటుంది. మనిషికి రెండు కాళ్లుంటాయని పదేళ్లవాడికి తెలియదా?

ఇప్పుడు వాడికి ఆదివారాల పిచ్చి పట్టింది. వాడూ వాడి స్నేహితులూ ఎత్తు పెంచిన జీపులకు పెద్ద పెద్ద టైర్లు వేసుకుని గుట్టల మీదికి, గుండ్ల మీదికి ఎక్కించి దించుతారు. దించాక ఒకరి భుజం ఒకరు తడతారు. మా చేనికి పోయే దావలో కూడా ఒక వంక అడ్డం ఉంది. అందులో నీళ్లుండవు, గుండ్లుంటాయి. జీపు కడుపు వాటికి గీసుకునేది. "ఎత్తు పెంచుదాం బావా. నీకు వంక దాటను అయితాది, ఆదివారం నాకూ అయితాది," అన్నాడు. వంక కోసమే నేను ఒప్పుకున్నాను.

అనంతపురం ఊరి చివర ఒక షెడ్డులో మేస్త్రి ఆ పని చేశాడు. మామూలుగా మా జీపుకు ముందు చక్రాలను కలిపే యాక్సిల్ పైన ఉండేది, బండి బరువు మోసే కమాన్ పట్టీలు దాని కింద ఉండేవి. మేస్త్రి దాన్ని తలకిందులు చేశాడు. యాక్సిల్ మీద కొత్త పీటలు వెల్డింగ్ చేసి, పట్టీలను తెచ్చి వాటి మీద కూర్చోబెట్టాడు. ఆ ఒక్క మార్పుతో జీపు జానెడు పైకి లేచింది. బామ్మర్ది తెచ్చిన పెద్ద టైర్లు కూడా ఎక్కించారు. చూడటానికి బాగుందని నేనూ అన్నాను, లేదనను. మిగిలింది యాక్సిల్ వాలు సరిచేయడం. పట్టీకీ పీటకూ మధ్య, ఒక చివర మందంగా ఇంకో చివర పలచగా ఉండే ఇనప ముక్క పెట్టి బిగిస్తే యాక్సిల్ ముందుకో వెనక్కో వాలుతుంది. ఆ వాలును క్యాస్టర్ అంటారట.

"అది ఏమిటికప్పా?" అని అడిగాను.

మేస్త్రి నా వైపు చూడలేదు. జవాబు మా బామ్మర్దికి చెప్పాడు. "మీ బావ సైకిల్ చూసినాడా లేదా? ముందర ఫోర్కు యాడికి వాలింటాది? తొక్కేవాని దిక్కుకే కదా. అందుకే చేతులిడిసినా సక్కంగా పోతాది. ఇదీ అంతే. పైభాగం రొంత ఎనక్కి వాలల్ల."

"మా బావ సైకిల్ కూడా చేతులిడిసి తొక్కడులే మేస్త్రీ. బెల్లు కూడా గట్టిగా పట్టుకుంటాడు," అన్నాడు బామ్మర్ది.

ఇద్దరూ నవ్వారు. అడిగింది నేను, చెప్పింది వాడికి, నవ్వింది నా మీద.

మేస్త్రి ముక్క మందం చివరను ముందుకు పెట్టి యూ బోల్టులు బిగించాడు. "మందం ముందరికే. నేను స్పానర్ పట్టినప్పటి నుంచి ఇదే లెక్క," అన్నాడు. మా బామ్మర్ది సెల్‌ఫోన్ తీసి, వాలు చూపించే యాప్ తెరిచి, యాక్సిల్ మీద చదునైన చోట ఆనించాడు. "నాలుగు! కరెక్టుగా నాలుగు డిగ్రీలు!" అని అరిచాడు. నాలుగు రావాలని అనుకున్నారు, నాలుగే వచ్చింది. టీ తెప్పించుకున్నారు. రెండు గ్లాసులే వచ్చాయి.

తిరిగి వచ్చేటప్పుడు నేనే నడిపాను. ఊరు దాటేదాకా స్టీరింగ్ ఒక్క వేలితో తిరిగింది. "పూలచెండు మాదిరి తిరుగుతాండాది చూడు బావా!" అని బామ్మర్ది పక్కన కూర్చుని మురిసిపోయాడు. బత్తలపల్లె రోడ్డెక్కి వేగం పెరగగానే జీపు తన దారి తాను వెతుక్కోవడం మొదలుపెట్టింది. ఎడమకు పోతోందని కుడికి కొంచెం తిప్పితే కుడికే పడిపోయేది. ఎడమకు లాగితే ఎడమకే. లారీ ఎదురొస్తే నేను ఊపిరి బిగబట్టి, ఏ పక్కకూ తిప్పకుండా, రెండు చేతులతో స్టీరింగును అదిమి పట్టుకునేవాణ్ణి. ఇంటికి చేరేసరికి నా చొక్కా వీపుకు అంటుకుపోయింది.

"ఇది తిరిగి రావడం లేదప్పా," అన్నాను.

"పెద్ద టైర్లు కదా బావా. రెండు దినాలు తోలితే అలవాటైతాది."

వాడికి ఎందుకు తెలియలేదంటే, వాడు నడిపేది గుండ్ల మీద. నడిచే మనిషి కంటే నెమ్మదిగా. అక్కడ ఏ వాలు అయితేనేం? తేలిగ్గా తిరిగే స్టీరింగ్ వాడికి వరమే. రోడ్డు మీద ఆడవాళ్లను కూర్చోబెట్టుకుని పోయేవాడిని నేను.

మేస్త్రికి ఫోన్ చేశాను. "ఎత్తు పెంచిన బండి అట్లే ఉంటాది, పెద్దాయనా. నిమ్మళంగా తోలు," అని పెట్టేశాడు. మళ్లీ చేశాను. ఎత్తలేదు. బామ్మర్ది ఫోన్ నుంచి చేస్తే ఎత్తి, నా గొంతు వినగానే, "వెల్డింగ్ చేస్తాండా," అన్నాడు. వెనక వెల్డింగ్ చప్పుడేమీ లేదు. ఎవరో పల్లీలు కావాలా అని అడగడం వినిపించింది.

తర్వాత జరిగింది జరిగిపోయింది. చీనీ తోట పని ముగించుకుని ఆడవాళ్లతో వస్తున్నాను. అప్పటికి ఆ బండి మీద నా భయం నాకు ఉంది, జాగ్రత్తగానే వస్తున్నాను. కానీ కంకర మిల్లు మలుపు దగ్గర చేతులు నా మాట వినలేదు. ఇన్నేళ్ల అలవాటు అది. తిప్పాను, వదిలాను, తువ్వాలు అందుకున్నాను. స్టీరింగ్ తిరిగి రాలేదు. రాకపోగా తిప్పిన వైపుకే ఇంకా తిరిగింది. నేను తువ్వాలు వదిలి పట్టుకునేలోపు జీపు రోడ్డు దిగి, కంపచెట్లను తొక్కుకుంటూ గుంతలో ముక్కు పెట్టి నిలిచింది.

దేవుడి దయ, ఎవరికీ పెద్ద దెబ్బలు తగల్లేదు. ఒకామె మోచేయి దోక్కుపోయింది. ఇంకొకామె ఇంట్లో పిల్లలకని దాచుకున్న చీనీ కాయలు కంపల్లోకి దొర్లిపోయాయి. గుంపు పెద్దామె కిందికి దిగి, చీర దులుపుకుని, నా ముఖంలోకి తేరిపార చూసింది. కోపంగా చూసి ఉంటే బాగుండేది. జాలిగా చూసింది.

"అన్నా, నీకు కండ్లు మసకలు పడినట్టుండాయి. నువ్వు చెప్పుకోవు. మేము అనుకుంటానే ఉన్నాం," అంది.

"నాకేం కాలేదమ్మా. స్టీరింగ్ తిరిగి రాలేదు."

"అదెట్ల వస్తాదన్నా? పట్టుకుంటే కదా వచ్చేది. నువ్వు ఇడిసిపెట్టి తువ్వాల సర్దుకుంటాంటివి. నేను చూస్తానే ఉండా."

దీనికి నేనేం చెప్పను? వదిలేస్తేనే తిరిగి వచ్చేదని, ఇన్నేళ్లూ వదిలేశానని, ఆ వదలడం చూసే కదా నువ్వు ఊరొచ్చిందని లేపేదానివని ఆమెకు ఎట్లా చెప్పను? చెప్పాను కూడా. మోచేయి దోక్కుపోయిన ఆమె ఏడుస్తుంటే నా మాట ఎవరికి వినిపిస్తుంది? వాళ్లంతా ఊళ్లోకి నడిచి పోయారు. మర్నాడు పొద్దున వేరే ఊరి ఆటో వచ్చి వాళ్లను ఎక్కించుకుంది. ట్రాక్టరుతో గుంతలోంచి లాగించి తెచ్చిన జీపు దగ్గర నేను నిలబడి ఉండగానే.

ఇంట్లో నా భార్య తాళంచెవి తీసి తమ్ముడికి ఇచ్చింది. నాకు చెప్పకుండా ఇచ్చింది, అది ఇంకొక లెక్క. తర్వాత నన్ను అనంతపురం తీసుకుపోయి కళ్ల డాక్టరుకు చూపించింది. నేను అద్దాలు పెట్టుకుని గోడ మీది అక్షరాలు అన్నిటికన్నా చిన్న వరుస దాకా చదివాను. "కండ్లు బాగుండాయి," అన్నాడు డాక్టరు. నేను నా భార్య వైపు చూశాను. ఇప్పుడైనా ఏదైనా అంటుందని. ఆమె ఆలోచించి, "అయితే చేతులేమో సార్, నరాలు చూపించల్లనా?" అంది.

బస్సులో తిరిగి వస్తూ బత్తలపల్లెలో దిగాం. ఆమె కూరగాయలు కొంటుంటే నేను పంచరు షాపు ముందు నిలబడ్డాను. అక్కడ ఒక పాత జీపు, మాది మునుపు ఉన్నట్టే, ఎత్తు పెంచనిది, ముందు చక్రం విప్పి జాకీ మీద ఉంది. చక్రం లేకపోతే లోపల అంతా కనిపిస్తుంది. చక్రం కుడికీ ఎడమకూ తిరగడానికి పైన ఒక పిన్ను, కింద ఒక పిన్ను ఉంటాయి. మేస్త్రి చెప్పిన సైకిల్ ఫోర్కు అదే. నన్ను ఎగతాళి చేస్తూ చెప్పినా, చెప్పింది నేను మరవలేదు. నేను ఏదీ మరవను. సంచి కుట్టే దారం ఒకటి అడిగి తీసుకుని, దానికి ఒక నట్టు కట్టి, కింది పిన్నును సరిగ్గా తాకేటట్టు పైనుంచి వేలాడదీశాను. పై పిన్ను దారానికి వెనక్కి, వేలెడు మందం ఉంది. ఆ జీపు యజమాని, "ఏంది పెద్దాయనా, దిష్టి తీస్తాండావా?" అని అడిగాడు.

ఇంటికి పోగానే బామ్మర్ది ఇంటి ముందున్న మా జీపుకు అట్లే ముందు చక్రం విప్పి, అదే దారం వేలాడదీశాను. పై పిన్ను దారానికి ముందుకు ఉంది. అంతే మందం, కానీ ముందుకు.

అప్పుడు నాకు మొత్తం తెలిసింది. పట్టీలు యాక్సిల్ కింద ఉన్నప్పుడు ముక్క మందం ముందుకు పెడితే యాక్సిల్ పైభాగం వెనక్కి వాలుతుంది. పట్టీలు మీదికి వచ్చాక అదే ముక్కను అదే దిక్కుకు పెడితే ముందుకు వాలుతుంది. మేస్త్రి చేయి అన్నేళ్లుగా చేసిన పనే మళ్లీ చేసింది. నా చేయీ అంతే కదా చేసింది మలుపు దగ్గర. కానీ వాడి చేతిని ఎవరూ డాక్టరుకు చూపించలేదు. ఇక ఫోను. అది ఎంత వాలిందో చెప్పింది. ఏ దిక్కుకు వాలిందో చూడాల్సింది మనిషి.

బామ్మర్దిని కేకేశాను. వాడు అన్నం చేత్తోనే బయటికి వచ్చి, దారం, నట్టు, కింద కూర్చున్న నన్ను చూశాడు.

"ఏం బావా, ఇల్లు కడతాండావా? గోడ సక్కంగా వచ్చిందా?"

"రేయ్, నవ్వకు. ఇట్ల చూడు. పైది ముందుకు వచ్చింది. మేస్త్రి ముక్కలు తిరగేసి పెట్టినాడు."

"ఫోన్‌లో నాలుగు చూసినాం కదా బావా."

"నాలుగే. కానీ ఏ పక్కకు?"

"నాలుగు అంటే నాలుగే. డిగ్రీకి పక్కలు యాడుంటాయి?" అన్నాడు. లోపలి నుంచి వాళ్లావిడ పిలిచింది, పోయాడు. నేను చక్రం బిగించి ఇంటికి వచ్చాను. చెట్టు కింద కూర్చుని పంచాయితీ చేసే పెద్దమనుషులు కూడా లేని ఊరు మాది. ఎవరితో చెప్పుకోను? ఆ వారమంతా కనిపించిన ప్రతివాడికీ చెప్పాను. దారం నా జేబులోనే ఉండేది. కొందరు నన్ను చూసి సందు మారేవాళ్లు. అది కూడా నాకు తెలుసు.

తర్వాత ఒక ఆదివారం బామ్మర్ది స్నేహితులను ఎక్కించుకుని కొత్తచెరువు వైపు పోయాడు. ఈసారి గుండ్ల మీదికి కాదు, పెద్ద రోడ్డు మీద వేగంగా. తిరిగి వచ్చి మా అరుగు మీద కూర్చుని నీళ్లడిగాడు. చెంబెడు తాగి మళ్లీ అడిగాడు. చొక్కా వీపుకు అంటుకుని ఉంది. ఆ తడి నాకు కొత్త కాదు.

"ఏమప్పా, ఎట్లుండాది బండి?" అన్నాను.

"ఎండ జాస్తి ఉండాది బావా," అన్నాడు.

మర్నాడు వాడు జీపు తీసుకుని ఎవరికీ చెప్పకుండా అనంతపురం పోయి, సాయంత్రానికి వచ్చాడు. వాడు ఇంట్లోకి పోగానే నేను జీపు కిందికి దూరాను. యూ బోల్టుల మీద కొత్త స్పానర్ గీతలు తళతళమంటున్నాయి. ముక్కల మందం చివర ఇప్పుడు వెనక ఉంది. జేబులోని దారం తీయాల్సిన పని కూడా లేకపోయింది.

"ముక్కలు తిప్పినారా?" అని అడిగాను.

"టైర్లలో గాలి తగ్గించినాడు బావా, అంతే."

"గాలి తగ్గిస్తే బోల్టులు ఎందుకు విప్పినారు?"

"నువ్వు మళ్లీ బండి కిందికి పోయినావా? చొక్కా చూసుకో, అక్క తిడతాది," అన్నాడు.

అక్కడికి ఆ సంగతి ముగిసింది వాడికి. కొన్నాళ్లకు ఆటోవాడు రావడం మానేశాడు. బామ్మర్ది పొద్దున తన పైపుల కొట్టు తెరిచేలోపు ఆడవాళ్లను తీసుకుపోతానన్నాడు. మొదటి రోజు సాయంత్రం జీపు మా ఇంటి ముందే ఆగింది. నేను గోడ దగ్గర నిలబడి ఉన్నాను. గుంపు పెద్దామె దిగుతూ, "ఈ అబ్బి చేతిలో బండి ఎంత నిమ్మళంగా వచ్చిందో! కునుకు పట్టేసినాది," అంది. తర్వాత నన్ను చూసి, "నువ్వు విశ్రాంతి తీసుకోన్నా. చేసినంత కాలం చేసినావు," అంది. చచ్చినవాడి గురించి చెప్పినంత మర్యాదగా చెప్పింది. మా బామ్మర్ది అక్కడే ఉన్నాడు. నోరు తెరిస్తే ఒక్క మాట. తెరవలేదు. తాళంచెవి వేలికి వేసుకుని తిప్పుకుంటూ నిలబడ్డాడు.

మొన్న ఆదివారం మధ్యాహ్నం వాడు మా ఇంట్లో సంగటి తింటున్నాడు. తాళంచెవి జీపుకే ఉంది. నేను ఎక్కి పోనిచ్చాను. దొంగతనం అనుకునేవాళ్లు అనుకోండి, బండి నాది. కంకర మిల్లు దాకా పోయి, వెనక్కి తిప్పుకుని, అదే మలుపుకు వచ్చాను. తిప్పాను. నాకు వదలడానికి ధైర్యం చాలలేదు, నిజం చెబుతున్నాను. మా నాయన దెబ్బ వేసిన మణికట్టును చూసుకుని, వేళ్లు వదులు చేశాను. స్టీరింగ్ అరచేతుల్లో జారుకుంటూ, తొందరపడకుండా, తన చోటికి తాను వచ్చి నిలిచింది. నేను తువ్వాలు తీసి మెడకు చుట్టుకున్నాను. మిల్లుకు సెలవు, దుమ్ము కూడా లేదు. వెనక సీట్లు ఖాళీ. ఊరొచ్చిందని ఎవరూ అనలేదు.

ఇంటికి వచ్చేసరికి నా భార్య వాకిట్లో నిలబడి ఉంది. "ఒక్కనివే ఎత్తుకపోతివా? మళ్లీ గుంతలో పడింటే ఏం గతి?"

"పడలేదు కదా."

"ఈ పొద్దు పడలేదు."

బామ్మర్ది ఎంగిలి చేత్తో గడపలో నిలబడి నవ్వాడు. "ఇప్పుడు బండి బాగుండాది కాబట్టి సరిపోయింది బావా," అన్నాడు.

"ఇప్పుడు బాగుందా? అయితే అప్పుడు బాగలేదా?"

వాడి నవ్వు ఆగింది. అక్కను చూశాడు, నన్ను చూశాడు, చేతిని చూసుకున్నాడు. "చేయి కడుక్కోనొస్తా," అని పెరట్లోకి పోయాడు. అటునుంచి అటే గోడ దూకి ఇంటికి పోయాడు. తాళంచెవిని నా భార్య నా చేతిలోంచి తీసుకుని, సాయంత్రం వాడికి పంపించింది.

గుంపు పెద్దామెను నేను తప్పు పట్టను. ఆమెకు కనబడింది ఆమె చెప్పింది, మిగతాది ఆమెకు ఎవరూ చెప్పలేదు. మేస్త్రీ, నన్ను పిలిచి టీ ఇవ్వనక్కర్లేదు, నీ వెల్డింగ్ అయిపోయాక ఫోన్ ఎత్తి ముక్కలు తిప్పానని ఒక్క మాట చెప్పు. బామ్మర్దీ, నీ చేయి కడుక్కోవడం ఈపాటికి అయిపోయి ఉంటుంది. అప్పుడు బాగలేనిది బండా, నేనా? ఆ జవాబు నాకు చెవిలో చెప్పొద్దు. రేపు పొద్దున ఆడవాళ్లు బండెక్కేటప్పుడు, గుంపు పెద్దామె వినేటట్టు చెప్పు. నేను గోడ దగ్గరే నిలబడి ఉంటాను.